జర్మన్ గోధుమ బీరు రుచిని తెలుగులో ఎలా చెప్పాలి?

ఇసార్ ఒడ్డు (మ్యూనిక్)

అందరికీ నమస్తే. ఆరేళ్ళుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. వచ్చే నెల మా బావ భీమవరం నుంచి వస్తున్నాడు. మొన్న వీడియో కాల్‌లో "అక్కడ తెల్ల బీరు ఉంటుందట కదా, ఎలా ఉంటుంది?" అని అడిగాడు. "బాగుంటుంది" అన్నాను. "బాగుంటుందంటే?" అన్నాడు. ఆ తర్వాత నాకు మాట రాలేదు.

నేను వారం వారం తాగేది, ఇష్టపడి తాగేది ఆ తెల్ల బీరే, అంటే గోధుమతో చేసే వైస్‌బియర్. జర్మన్‌లో దాని గురించి పది నిమిషాలు మాట్లాడగలను. సీసా వెనక ఉండే మాటలన్నీ నోటికొచ్చు: స్ప్రిట్సిగ్, జ్యుఫిగ్, ఫోల్‌ముండిగ్, హెఫెట్రూబ్. సొంత భాషలో మాత్రం ఒక్క వాక్యం కుదరలేదు. ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచన. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకుని తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఇప్పటిదాకా రాసుకున్నది ఇంతే:

రంగు: ముదురు తేనె, కానీ ఆరపార కనిపించదు. నురగ: మీగడలా దట్టం. వాసన: అరటిపండు, లవంగం. రుచి: చేదు తక్కువ, కొంచెం తీపి, చివర్లో...

చివర్లో ఏమంటారో తెలియక ఆగిపోయాను. సాయం చేయండి.

తాటివనం (నల్లగొండ జిల్లా)

అన్నా, మాది గీత కార్మికుల కుటుంబం. మా తాత, మా నాన్న ఇద్దరూ మోకు కట్టి చెట్టెక్కినవాళ్ళే. నేను జర్మన్ బీరు తాగింది రెండుసార్లే, కానీ మీరు రాసింది చదువుతుంటే ఈ మాటలు మా ఇంట్లో రోజూ వినేవే కదా అనిపించింది.

కల్లు గురించి మాట్లాడేటప్పుడు ముందు చూసేది తేటగా ఉందా, మడ్డి ఉందా అని. తర్వాత తీపా, పులుపా, రెండూ కలిసిందా. పొద్దుగాల దింపింది తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. ఆ పైన ఘాటు. ఆ పైన వగరు. మా నాన్నయితే లొట్టి దగ్గర ముక్కు పెట్టి, నోట్లో పోసుకోకుండానే ఏ చెట్టుదో చెప్పేవాడు. మా దగ్గర దాన్ని "తెల్లకల్లు" అనే అంటారు. మీ బీరు కూడా "తెల్ల బీరే" కదా. నాకు ఆ పోలిక బాగా నచ్చింది.

మీ హెఫెట్రూబ్ అంటే మడ్డి కలిసింది అనేనా?

వైహెన్‌స్టెఫాన్ విద్యార్థి (ఫ్రైసింగ్)

తాటివనం గారూ, సరిగ్గా అదే. "హెఫె" అంటే ఈస్ట్, పులియబెట్టే సూక్ష్మజీవి. "ట్రూబ్" అంటే మసక. వడగట్టకుండా ఈస్ట్‌తోనే సీసాలో నింపుతారు కాబట్టి హెఫెవైట్సెన్. వడగట్టి అద్దంలా చేసింది క్రిస్టాల్‌వైట్సెన్. అంటే మీ భాషలో మడ్డి బీరు, తేట బీరు. రెండు మాటలతో జర్మన్ మెనూలో సగం అయిపోయింది.

నేను ఇక్కడ బీరు తయారీ చదువుతున్నాను, కాబట్టి లోపల జరిగేది కాస్త చెబుతాను. జర్మనీలో వైట్సెన్ అని పేరు పెట్టాలంటే వాడే మాల్ట్‌లో (మొలకెత్తించి ఆరబెట్టిన గింజల్లో) కనీసం సగం గోధుమ మాల్ట్ ఉండాలి. మిగతాది బార్లీ. గోధుమలో ప్రోటీన్ ఎక్కువ, అందుకే ఆ మీగడ నురగ, ఆ మెత్తదనం. ఆల్కహాల్ మామూలుగా 5 శాతం పైచిలుకు. చేదునిచ్చే హాప్స్ పువ్వులు చాలా తక్కువ వేస్తారు కాబట్టి చేదు వెనక్కి తగ్గుతుంది.

ఇక అరటిపండు, లవంగం. కొత్తగా వచ్చినవాళ్ళందరూ "ఇందులో అవి వేస్తారా?" అని అడుగుతారు. ఏమీ వేయరు. రెండూ ఈస్ట్ పనే. అరటి వాసనకి కారణం ఐసోఅమైల్ ఎసిటేట్. నిజం అరటిపండులో ఉండేదీ అదే. లవంగం వాసనకి కారణం ఫోర్-వినైల్-గ్వాయకాల్. గింజ పొట్టులో, కణాల గోడల్లో ఫెరూలిక్ ఆమ్లం ఉంటుంది. పిండి నానబెట్టేటప్పుడు 43 నుంచి 45 డిగ్రీల దగ్గర కాసేపు ఆపితే అది ఎక్కువగా విడుదలవుతుంది. తర్వాత ఈస్ట్ దాన్ని మార్చేస్తుంది. అన్ని ఈస్ట్‌లూ ఈ పని చేయవు. మామూలు లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) ఈస్ట్ ఇలా చేస్తే ఆ బీరు చెడిపోయిందంటారు. ఇక్కడ అదే గుణం.

స్టుట్‌గార్ట్ అక్క (స్టుట్‌గార్ట్)

ఇసార్ ఒడ్డు గారూ, ముందు పేరు సంగతి బావగారికి చెప్పండి. మ్యూనిక్‌లో "వైస్‌బియర్" అంటారు, అంటే తెల్ల బీరు. మా వైపు వచ్చి అదే అడిగితే అర్థమవుతుంది కానీ, ఇక్కడ మామూలుగా "వైట్సెన్" అంటారు, అంటే గోధుమ. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో రెండూ వేరే వేరే బీర్లు అనుకున్నాను, ఒక ఏడాది పాటు!

మా పక్కింటి పెద్దాయన నాకు పోయడం నేర్పించారు. ఎత్తయిన గ్లాసుని ముందు చన్నీళ్ళతో కడగాలి. తడి గ్లాసులో నురగ అదుపులో ఉంటుంది. గ్లాసు బాగా వంచి అంచు వెంబడి నెమ్మదిగా పోయాలి. సీసాలో రెండు వేళ్ళంత మిగిలినప్పుడు ఆగి, సీసాని గుండ్రంగా తిప్పి, అడుగున ఉన్న ఈస్ట్ లేచాక దాన్ని పైన పోయాలి. చీర్స్ కొట్టేటప్పుడు గ్లాసు అడుగు భాగాలు తాకించాలి, అక్కడే గాజు మందంగా ఉంటుంది.

ఇంకోటి. ఇక్కడ కొన్ని పాత బార్లలో క్రిస్టాల్‌వైట్సెన్ గ్లాసులో ఒక బియ్యపు గింజ వేస్తారు! గింజ చుట్టూ బుడగలు పుట్టి, అది పైకీ కిందికీ ఆడుతుంది, నురగ నిలబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు అక్షింతలు గుర్తొచ్చాయి నాకు.

గచ్చిబౌలి గ్లాసు (హైదరాబాద్)

నాదొక సందేహం. ఇక్కడి బ్రూ పబ్బుల్లో "వీట్ బీర్" అడిగితే చాలా చోట్ల నారింజ తొక్క, ధనియాల వాసన వస్తుంది. అరటిపండు ఎక్కడా తగల్లేదు. మీరందరూ అరటి, లవంగం అంటున్నారు. నేను తాగింది గోధుమ బీరు కాదా?

ఆస్టిన్ కుండ (ఆస్టిన్, టెక్సస్)

అది గోధుమ బీరే బ్రదర్, కానీ జర్మన్‌ది కాదు, బెల్జియంది. విట్‌బియర్ అంటారు. దాంట్లో నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. గోధుమ కూడా మొలకెత్తించకుండా పచ్చిదే వాడతారు. హోగార్డెన్ ఊళ్ళో ఈ రకం పూర్తిగా ఆగిపోతే, 1960ల్లో పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన తర్వాత 1992లో మా ఆస్టిన్‌కి వచ్చి ఇక్కడా ఒక బ్రూవరీ పెట్టాడు. అందుకే మా ఊళ్ళో పాతవాళ్ళు ఆ రకం మీద ప్రాణం పెడతారు.

నేను ఇంట్లో రెండూ చేస్తాను. జర్మన్‌దానికి వాడే ఈస్ట్ మన విద్యార్థి ఉండే వైహెన్‌స్టెఫాన్ నుంచి వచ్చిందే, 68వ నంబరు. ఒకే పిండి, ఒకే నీళ్ళు తీసుకుని రెండు డబ్బాల్లో పులియబెట్టాను. ఒకటి 17 డిగ్రీల్లో, ఇంకోటి 23లో. చల్లదాంట్లో లవంగం ముందుంది. వెచ్చదాంట్లో మూత తీయగానే గది అంతా అరటిపండే. మా ఆవిడ పక్క గదిలోంచి "అరటిపళ్ళు ఎప్పుడు తెచ్చారు?" అని అడిగింది.

పదాల మూట (విశాఖపట్నం)

నేను మందు ముట్టను, కానీ మాటలంటే ఇష్టం. అందుకే ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. కొన్ని సంగతులు.

స్టుట్‌గార్ట్ అక్క గారూ, తెలుపుకి వాడే "వైస్" మాట, గోధుమకి వాడే "వైట్సెన్" మాట రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. గోధుమ పిండి తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ గింజకే తెలుపు పేరు వచ్చింది. ఆ ఏడాది మీరు విన్నది ఒకే మాట రెండు రూపాలు.

"హెఫె" అనే మాట ఎత్తడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. పిండిని ఎత్తేది. మనం "పిండి పొంగింది" అంటాం కదా, అదే చూపు.

లవంగాన్ని జర్మన్లు "నెల్కె" అంటారు, అంటే చిన్న మేకు. ఆకారాన్ని బట్టి పెట్టిన పేరు. మన లవంగం సంస్కృతం నుంచి వచ్చింది.

ఇసార్ ఒడ్డు గారి నోట్‌బుక్‌లో "ఆరపార కనిపించదు" అన్నదానికి నా సలహా "కలక". కలకబారిన నీళ్ళు అంటాం కదా.

తాటివనం

పదాల మూట గారూ, కలక అంటే వరద నీళ్ళే గుర్తొస్తాయి. గోదావరికి కొత్తనీరు వచ్చినప్పటి మాట అది. తాగే వస్తువుకి పెడితే మొహం తిప్పుకుంటారు. మేం కల్లుని ఎప్పుడూ కలక అనం.

స్టుట్‌గార్ట్ అక్క

నేనూ తాటివనం గారితోనే. మా అమ్మమ్మ తరవాణి కుండ పెట్టేది. పైన నిలిచే తేట, అడుగున మెతుకు, మధ్యలో తెల్లగా మసకగా ఉండే నీళ్ళు. ఆ మధ్యదాన్ని ఆవిడ "మబ్బుగా ఉంది" అనేది. గ్లాసుని కిటికీ వెలుగులో పెట్టి చూస్తే వైట్సెన్ నాకు సరిగ్గా అలాగే కనిపిస్తుంది. వెలుగు లోపలికి వస్తుంది కానీ అవతలి వస్తువు కనపడదు. మురికి కాదు అది, మబ్బు.

ఇసార్ ఒడ్డు

మబ్బు! నోట్‌బుక్‌లో కొట్టేసి రాసుకున్నాను: "తేనె రంగు మబ్బు".

తర్వాతి చిక్కు స్ప్రిట్సిగ్. గ్యాస్ ఎక్కువగా ఉండి నాలుక మీద సూదుల్లా తగిలే గుణం. అదే లేకపోతే వైస్‌బియర్ బరువుగా, చప్పగా అయిపోతుంది. చురుకు అనొచ్చా?

గచ్చిబౌలి గ్లాసు

చురుకు అంటే కాలినప్పుడు, ఎండకి వాడతాం. గోలీసోడా తాగినప్పుడు ముక్కులోకి వచ్చేదాన్ని మా వాళ్ళు "జివ్వుమంది" అంటారు.

వైహెన్‌స్టెఫాన్ విద్యార్థి

గోలీసోడా పోలిక బాగా పట్టుకున్నారు. లీటరుకి 5 గ్రాముల దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఉంటే మామూలు లాగర్. వైస్‌బియర్‌లో 7 గ్రాములు, ఇంకా పైన కూడా ఉంటుంది. పాత పద్ధతిలో ఇది సీసాలోనే పుడుతుంది. నింపేముందు ఇంకా పులియని తీపి రసం కొంచెం కలుపుతారు. దాన్ని ఇక్కడ "ష్పైజె" అంటారు, అంటే తిండి. ఈస్ట్‌కి పెట్టే తిండి అన్నమాట. మూత వేశాక ఈస్ట్ అది తిని గ్యాస్ వదులుతుంది. నాకు ఇక్కడ నేర్చుకున్న మాటలన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే.

"జివ్వు" నాకు నచ్చింది, కానీ అది ఒక్క క్షణం మాట. గుణం చెప్పాలంటే ఇంకో మాట కావాలి.

ఆస్టిన్ కుండ

"పొంగు ఉన్న బీరు" అంటే? పాలపొంగు, పిండిపొంగు, అన్నిటికీ వాడతాం. హెఫె అంటే ఎత్తేది అని పదాల మూట గారు చెప్పాక నాకు అదే తిరుగుతోంది మనసులో.

పదాల మూట

పొంగు కంటికి కనిపించేది. నాలుకకి తెలిసేది చిమచిమ. నోట్‌బుక్‌లో రెండూ ఉండనివ్వండి: "పొంగు బాగుంది, నాలుక మీద చిమచిమ". జర్మన్ ఒక మాటలో చెప్పినదాన్ని మనం రెండు మాటల్లో చెబితే తప్పేముంది? ఒక మాటకి ఒకే మాట రావాలని పట్టుబడితే పత్రికల్లో వచ్చే కృత్రిమ పదాల్లా తయారవుతుంది.

మరి జ్యుఫిగ్ అంటే ఏమిటి?

ఇసార్ ఒడ్డు

తాగుతుంటే ఎక్కడా అడ్డు తగలకుండా, ఒక గుటక ఇంకో గుటకని పిలిచేది. మంచి మాటే, పొగడ్త.

తాటివనం

"గొంతు దిగుతుంది" అంటారు మా దగ్గర. "ఇయ్యాల కల్లు మంచిగ దిగుతుంది" అంటే అదే.

ఇసార్ ఒడ్డు

అంతే, అదే. ఆరేళ్ళ నుంచి వెతుకుతున్న మాట నల్లగొండలో ఉంది.

వైహెన్‌స్టెఫాన్ విద్యార్థి

ఒక్క హెచ్చరిక. కల్లు మాటల్లో పులుపు పెద్ద మాట, కానీ ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. బవేరియా వైస్‌బియర్‌లో నాలుక అంచున కొద్దిపాటి పులుపు ఉండొచ్చు, అంతకు మించకూడదు. ఇడ్లీ పిండి పులిసిన వాసన వచ్చిందంటే బ్యాక్టీరియా పడిందని అర్థం. మా ల్యాబ్‌లో ఒకసారి అలాంటి శాంపిల్ ఇస్తే, నేను "ఇంటి వాసన" అని రాశాను. మా ప్రొఫెసర్ మార్కులు ఇచ్చారు, కానీ పక్కన "దోషం" అని కూడా రాశారు.

పులుపు కోసమే చేసే గోధుమ బీరు వేరే ఉంది, బెర్లినర్ వైస్సె. దాంట్లో లాక్టిక్ బ్యాక్టీరియా కావాలనే పెంచుతారు. బెర్లిన్‌లో ఎర్రటి రాస్‌బెర్రీ సిరప్పో, వాల్డ్‌మైస్టర్ అనే మొక్క వాసనున్న ఆకుపచ్చ సిరప్పో కలిపి ఇస్తారు. పేరులో తెలుపు ఉందని రెండిటినీ కలపకండి.

గచ్చిబౌలి గ్లాసు

నిన్న కొండాపూర్ వైపు ఒక చోట హెఫెవైట్సెన్ దొరికింది. నిజంగానే అరటిపండు! కానీ తినే పండులా లేదు. చిన్నప్పుడు కొట్లో అమ్మే పసుపు బిళ్ళల వాసన. ఏ అరటి అని రాయాలి? చక్కెరకేళా, కర్పూరమా, అమృతపాణా?

ఆస్టిన్ కుండ

మంచి ప్రశ్న. ఆ బిళ్ళల్లో వేసేది కూడా ఐసోఅమైల్ ఎసిటేటే. నిజం పండులో దాంతోపాటు ఇంకా ఎన్నో వాసనలు కలుస్తాయి. బీరులో అది ఒంటరిగా నిలబడితే బిళ్ళలా అనిపిస్తుంది. బాగా చేసినదాంట్లో లవంగం, బ్రెడ్ వాసన పక్కన ఉంటాయి కాబట్టి పండులాగే అనిపిస్తుంది.

స్టుట్‌గార్ట్ అక్క

నాకైతే కర్పూర చక్కెరకేళి. దేవుడి దగ్గర పెట్టి మూడో రోజు, తొక్క మీద నల్ల చుక్కలు పడ్డాక గదిలో వచ్చే వాసన. "మగ్గిన కర్పూరం" అని రాసుకోండి. తెలుగు ఇంట్లో పెరిగినవాళ్ళకి వెంటనే అందుతుంది. ఉత్త "అరటిపండు" అంటే ఎన్ని రకాలు!

పదాల మూట

లవంగం విషయంలో కూడా అంత జాగ్రత్త అవసరమా? డబ్బాలో లవంగమా, బిర్యానీలో లవంగమా, పంటి నొప్పికి పెట్టుకునే నూనా?

వైహెన్‌స్టెఫాన్ విద్యార్థి

చాలా అవసరం. లవంగంలో అసలు వాసన యూజెనాల్‌ది. బీరులో ఉన్నది దానికి దగ్గరి చుట్టం, అదే కాదు. అందుకే నూనె అంత ఘాటుగా ఉండదు, నాలుక మొద్దుబారదు. పులావు మూత తీసినప్పుడు ఆవిరిలో వచ్చేంత. అంతకంటే ఎక్కువై ఆసుపత్రి వాసన, ప్లాస్టర్ వాసన వస్తే తప్పు జరిగినట్టే.

గచ్చిబౌలి గ్లాసు గారూ, ఇంకో మాట. ఈ వాసనలు ఎక్కువ కాలం నిలవవు. నెలలు గడిచేకొద్దీ అరటి తగ్గిపోతుంది, వేడికి ఇంకా త్వరగా. ఓడలో వచ్చి, ఎండలో గోడౌన్‌లో ఉన్న సీసాలో తడిసిన అట్ట వాసనే మిగలొచ్చు. దిగుమతి సీసా కంటే మీ ఊళ్ళో తాజాగా చేసినదే మేలు. సీసానే కొనాలంటే ముందు తేదీ చూడండి.

ఇసార్ ఒడ్డు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. బావ వచ్చాడు. శనివారం కెల్‌హైమ్ తీసుకెళ్ళాను, ష్నైడర్ బ్రూవరీ ఉన్న ఊరు. అక్కడికే ఎందుకంటే, గోధుమ బీరు ఇంకా బతికి ఉండటంలో ఆ కుటుంబానిది పెద్ద వాటా.

రైల్లో బావకి ఆ కథ చెప్పాను. 1516లో బవేరియా డ్యూక్ బీరుకి బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఏమీ వాడకూడదని ఇంగోల్‌ష్టట్‌లో ఆజ్ఞ వేశాడు. గోధుమ రొట్టెకి కావాలి. కానీ డెగెన్‌బెర్గ్ అనే ప్రభువుల వంశానికి మాత్రం గోధుమ బీరు చేసుకునే హక్కు ఉండేది. 1602లో ఆ వంశం అంతరించింది. హక్కు డ్యూక్ మాక్సిమిలియన్ చేతికొచ్చింది. ఆయన దాన్ని ఎవరికీ ఇవ్వకుండా సొంతంగా బ్రూవరీలు పెట్టి ఖజానా నింపుకున్నాడు. కెల్‌హైమ్‌ది 1607లో కట్టినది. రెండు వందల ఏళ్ళు దాటాక జనానికి మోజు తగ్గింది, అందరూ లాగర్ వైపు వెళ్ళారు. 1872లో గెయోర్గ్ ష్నైడర్ అనే ఆయన రాజు లూడ్విగ్ 2 దగ్గర ఆ హక్కు సంపాదించి, మ్యూనిక్‌లో టాల్ వీధిలో మొదలుపెట్టాడు. 1944 బాంబు దాడుల్లో మ్యూనిక్‌లోని బ్రూవరీ పోయింది. అప్పటినుంచి బీరు కెల్‌హైమ్‌లోనే తయారవుతోంది.

బావ అంతా విని "మొత్తానికి గోధుమ కోసం ఇంత గొడవ" అన్నాడు.

వైస్‌వుర్స్ట్, తీపి ఆవపిండి పచ్చడి, ప్రెట్సెల్ తెప్పించాను. పన్నెండు గంటల చర్చి గంట వినకముందే ఆ సాసేజ్ తినేయాలని ఇక్కడి మాట. మేం పదకొండున్నరకి కూర్చున్నాం. అక్క నేర్పినట్టే చన్నీళ్ళతో గ్లాసు కడిగి, వంచి పోశాను. చివర్లో మడ్డి తిప్పి పోస్తుంటే బావ "అది ఎందుకు పోశావు, పారెయ్యాల్సింది కదా" అన్నాడు. అదే అసలు రుచి అని చెప్పాను.

అక్కడిది అంబర్ రంగు, మిగతా వాటికంటే ముదురు. బావ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆగాడు. నేనేమీ చెప్పలేదు, అరటి అనిగానీ లవంగం అనిగానీ. ముందే చెబితే అదే అనిపిస్తుందని. మొదటి గుటక తర్వాత "వక్కపొడి" అన్నాడు. రెండో గుటక తర్వాత "లవంగం కలిపిన వక్కపొడి వేసుకుని అరటిపండు తిన్నట్టుంది. మన తాంబూలం" అన్నాడు.

అరటిపండు, వక్క, లవంగం. పేరంటంలో చేతిలో పెట్టే వస్తువులే! ఆరేళ్ళలో నాకు తట్టలేదు.

స్టుట్‌గార్ట్ అక్క

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. బావగారికి నా నమస్కారాలు చెప్పండి.

వైహెన్‌స్టెఫాన్ విద్యార్థి

వక్కపొడి అన్నారంటే వగరు కూడా తెలిసిందన్నమాట. చాలామంది దాన్ని పట్టుకోలేరు. మీరు మొదట్లో "చివర్లో..." అని ఆపేశారు కదా. ఆ ఖాళీలో "సన్నని వగరు" రాయండి. ఈస్ట్ మడ్డి కలిపి పోసినప్పుడు అది ఇంకాస్త తెలుస్తుంది.

పదాల మూట

నేను తాగకపోయినా తాంబూలం వాసన తెలుసు కాబట్టి, ఇప్పుడు ఆ గ్లాసు నాకు అర్థమైంది. ఆల్కహాల్ లేని రకం కూడా ఉంటుందని విన్నాను. దాంట్లో ఈ వాసనలు ఉంటాయా?

ఇసార్ ఒడ్డు

ఉంటాయండీ, కొంచెం పలచగా. ఎర్డింగర్ అనే కంపెనీ ఆల్కహాల్ లేనిది ఇక్కడ మారథాన్‌ల దగ్గర పరుగు పూర్తిచేసినవాళ్ళకి ఇస్తారు. తీపి ఎక్కువ, చిమచిమ బాగుంటుంది, లవంగం తక్కువ. "లేని" అని రాసినా చాలా రకాల్లో అర శాతం లోపు ఉండొచ్చు, లేబుల్ చూసుకోండి.

నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇప్పుడు ఇలా ఉంది:

"తేనె రంగు మబ్బు. మీగడ నురగ. మగ్గిన కర్పూర చక్కెరకేళి, పులావు ఆవిరిలో లవంగం, వెనక బన్ను వాసన. పొంగు బాగుంది, నాలుక మీద చిమచిమ. నోరంతా నిండుతుంది. చేదు లేనట్టే. చివర సన్నని వగరు. మంచిగ దిగుతుంది."

ఆఖరి మాట తాటివనం అన్నది, ఆయన యాసలోనే ఉంచాను. రెండో పేజీ డుంకెల్‌వైట్సెన్‌కి (ముదురు రంగుది), మూడోది వైట్సెన్‌బాక్‌కి (ఘాటైనది). ష్నైడర్ వాళ్ళ అవెంటినుస్ 8 శాతం పైన ఉంటుంది. దాంట్లో ఎండు ఖర్జూరం, బెల్లం పాకం తగులుతాయి నాకు. పాకం అంటే ఏ పాకం అని అడుగుతారని తెలుసు.

తాటివనం

అవునన్నా, తాటిబెల్లమా, చెరకు బెల్లమా? రెండూ ఒకటి కాదు.